బ్రేకు మీద కాలు

చెవి మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల పాత జీపులున్న వాళ్లందరికీ తెలుసు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. బండి వెనకాల ఏదో మూలుగుతోందని తీసుకెళ్తే, ఇంకో మేస్త్రి అయితే ముందు పానా తీస్తాడు. ఇతను ముందు కళ్లు మూసుకుంటాడు. మూరెడు ఇనపకడ్డీ ఒకటుంది అతని దగ్గర. ఒక కొస వెనక ఇరుసుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, "పినియను బేరింగు పోయింది, క్రౌను చక్రం బాగానే ఉంది" అని తేల్చేస్తాడు. విప్పి చూస్తే అచ్చంగా అదే. ఆ చెవిని అందరూ తెగ మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకోనీయండి. ఆ చెవి విన్నవన్నీ ఆ నోరు చెప్పలేదని వాళ్లకేం తెలుసు పాపం!

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుటి నుంచీ ముసురు. షెడ్డు రేకుల మీద వాన ఒకే తీరుగా పడుతోంది. కాలిన గ్రీజు వాసన, తడిసిన గోనెపట్టాల వాసన కలిసి ఊపిరాడనివ్వడం లేదు. మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. షెడ్డు ముందు ఆవరణ గేటు వైపు వాలుగా ఉంటుంది. ఆ వాలు ఎక్కుతూ ఒక బండి వస్తున్న చప్పుడైంది. ఎవరిదో చూడ్డానికి అతను తల ఎత్తక్కర్లేకపోయింది. ఆ ఇంజను చప్పుడు తొమ్మిదేళ్ల తర్వాత విన్నా అతను పోల్చుకోగలడు.

అది బావ జీపు. బావ పోయిన రోజు నుంచీ అది బయటికి రాలేదు. స్టీరింగు ముందు అక్క కూర్చుని ఉంది.

"ఏంట్రా అలా చూస్తున్నావు? నేను నడపకూడదా?" అంటూ దిగింది.

"అది కాదక్కా... దీన్ని మళ్లీ బయటికి ఎందుకు తీశావు?"

"ఎన్నాళ్లని ఇంటి వెనక షెడ్డులో పెట్టుకోను? మా వీధి చివరి మేస్త్రి బాగుచేసిచ్చాడు. అన్నీ బాగున్నాయి గానీ వెనకాల చప్పుడొస్తోంది. ఇద్దరు చూసి ఏమీ లేదన్నారు. నీ చెవికి వినపడనిది ఉంటుందా అని తెచ్చా."

పని మాట రాగానే మేస్త్రికి కాస్త ధైర్యం వచ్చింది. "వేగం పెరిగితే పెరుగుతోందా? కాలు తీస్తే మూలుగుతోందా? మలుపుల్లో కటకటమంటోందా?"

"వేగంతో పనేమీ లేదు. ఆగి ఉన్నప్పుడే ఎక్కువ."

మేస్త్రి నవ్వేశాడు. "ఆగిన ఇరుసు అరవదక్కా. తిరిగేదే అరుస్తుంది."

"అయితే నా చెవులే చెడిపోయాయేమో. పద, నువ్వే విను."

అతనే నడిపాడు. అక్క పక్కన కూర్చుంది. గుట్ట కిందదాకా వెళ్లొచ్చారు. వేగం పెంచాడు, కాలు తీశాడు, గతుకుల్లో దించాడు, వెనక్కి గేరు వేసి ముందుకు లాగాడు. క్రౌను మూలగలేదు. షాఫ్టు కొట్టుకోలేదు. చక్రాల బేరింగులు గుసగుసలాడలేదు. కొత్త బండి కూడా ఇంత బుద్ధిగా ఉండదు. నాలుగు రోడ్ల దగ్గర ఆగాడు.

ఠంగ్.

మేస్త్రి చెయ్యి గేరు మీదే ఉండిపోయింది.

ఠంగ్... ఠంగ్.

వెనక ఇరుసు మీద ఎవరో పానాతో కొట్టినట్టు మూడు దెబ్బలు. ఆ తర్వాత వాన చప్పుడొక్కటే మిగిలింది.

ఆ దెబ్బలు అతనికి తెలుసు. బావ అతనికి గురువు. బావ బండి కింద, ఇతను సీట్లో. ఇంజను హోరులో మాట వినపడదు కాబట్టి బావ పానాతో ఇరుసు మీద కొట్టి చెప్పేవాడు. ఒక దెబ్బ అంటే కానివ్వు. రెండంటే ఆపు. మూడంటే, నేను బయటికొస్తున్నా, బ్రేకు మీంచి కాలు తియ్యకు.

"విన్నావా?" అంది అక్క, అతని మొహంలోకి చూస్తూ.

"ఏదో... ఏదో వదులైనట్టుంది. షెడ్డులో చూద్దాం."

ఏమీ లేదని చెప్పి పంపేస్తే పోయేది. కానీ అక్క ఆ మూడు దెబ్బలూ వింది. పెళ్లయిన కొత్తలో బావకు సాయం ఎవరూ లేనప్పుడు ఆ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది అక్కే. ఆమెకీ ఆ లెక్క తెలుసు. ఇప్పుడు వెనకడుగు వేస్తే ఆమెకు అనుమానం వస్తుంది. అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టిన అక్క ఆమె. ఆమె నిజం తెలుసుకుని తనను ఛీకొడితే... ఆ ఒక్కటీ అతను తట్టుకోలేడు. అందుకోసమే తొమ్మిదేళ్లుగా నోరు కుట్టేసుకుని బతికాడు.

జీపును ఆవరణలో ఆపాడు, ముందువైపు ఎత్తుకు, వెనకవైపు గేటుకు. ముందు చక్రాల వెనక రెండు అడ్డచెక్కలు పెట్టి సుత్తితో బిగించాడు. ఆ విషయంలో మాత్రం అతను తొమ్మిదేళ్లుగా ఒక్కసారి కూడా ఏమరలేదు. ఇరుసు నూనె కాస్త దించి వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఒక్క ఇనప రజను లేదు. గేరుబాక్సు నుంచి వచ్చి ఇరుసును తిప్పే షాఫ్టును అటూ ఇటూ ఊపాడు. వెంట్రుకంత కూడా ఆడలేదు.

"షాఫ్టు విప్పితే తేలిపోతుందక్కా. విప్పాక కూడా చప్పుడొస్తే అది ఇరుసులోనే. రాకపోతే గేరుబాక్సు వైపు వెతుకుదాం."

"విప్పు. నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కుతా."

"చెక్కలున్నాయి కదా, ఎందుకూ?"

"ఉండనీ. అలవాటు."

ఇంజను ఆపేశాడు. కిందకి దూరి షాఫ్టు వెనక కొస బోల్టులు నాలుగూ విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. షాఫ్టు కొసను ఒక తాడుతో పక్కకు కట్టాడు. మళ్లీ వెనక్కి వచ్చి, కుడి చక్రం వెనక అడ్డంగా పడుకుని, తల ఇరుసు కిందికి జరిపాడు. టైరు అతని ఛాతీకి బెత్తెడు దూరంలో ఉంది. పైన మబ్బు బాగా కమ్మింది. బ్రేకు దీపం ఎర్రటి వెలుగు తడి నేల మీద పరుచుకుంది. అక్క తొక్కి పట్టుకుందన్నమాట.

కడ్డీ ఇరుసుకు ఆనించాడు. చెవికి పెట్టుకున్నాడు.

ఏమీ లేదు. వాన. తన గుండె చప్పుడు.

"ఆ బోల్టులు ఎక్కడ దొరికాయో తెలుసా?" అంది అక్క పైనుంచి. గొంతులో కోపం లేదు. అందుకే మేస్త్రికి ఇంకా భయం వేసింది.

"ఏ బోల్టులు?"

"నువ్వు ఇప్పుడు జేబులో వేసుకున్నవి. ఆస్పత్రి వాళ్లు మీ బావ బట్టలు మూటకట్టి ఇచ్చారు చూడు, ఆ చొక్కా జేబులో ఉన్నాయి. నాలుగు. దేనివో తెలియక దాచుకున్నా. మొన్న ఆ మేస్త్రి వాటితోనే షాఫ్టు బిగించాడు. బిగిస్తూ ఒక మాటన్నాడు."

మేస్త్రి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"ఈ పాత బండికి హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదటగా? షాఫ్టునే పట్టుకుంటుందట. షాఫ్టు విప్పేసి ఉంటే హ్యాండ్ బ్రేకు ఎంత లాగినా ఈ వాలు మీద బండి ఒక్క క్షణం నిలబడదట. మరి నువ్వేం చెప్పావురా? హ్యాండ్ బ్రేకు వేసి మంచినీళ్లకు దిగానన్నావు. అది జారి బండి ఆయన మీదికెక్కిందన్నావు. నేను నమ్మాను. నిన్ను పట్టుకుని ఏడ్చాను కూడా."

"అక్కా..."

"నువ్వు దిగలేదు. నీ కాలే అప్పటిదాకా బండిని ఆపి ఉంచింది. అవునా?"

అప్పుడు కడ్డీలోంచి వినపడింది.

ఊపిరి. లోపల్నుంచి. నూనెలో మునిగి ఉన్న పళ్లచక్రాల మధ్య నుంచి ఎవరో నెమ్మదిగా ఊపిరి తీసి వదిలారు. కడ్డీ తీసేద్దామనుకున్నాడు. చెవికి అతుక్కుపోయినట్టుంది. చెయ్యి రాలేదు.

"చెక్కలెందుకురా..." అంది ఆ గొంతు, నవ్వుతూ, ముద్దుగా. "నీ కాలుండగా..."

ఆ రోజు బండి కిందకి దూరబోతూ బావ అన్న మాట అది. అదే నవ్వు. ఇంకో మనిషికి తెలిసే మాట కాదు.

"చెప్పేస్తా! చెప్పేస్తానక్కా!" అంటూ కడ్డీ విసిరేశాడు. "ఆ రోజు పొద్దున బావ పదిమందిలో చెంప పగలగొట్టాడు. బోల్టు వదులుగా బిగించానని. కడుపు రగిలిపోయింది. ఊరికే భయపెడదామనుకున్నా... ఒక్క క్షణం కాలు తీసి మళ్లీ వేద్దామనుకున్నా..."

"మూడు దెబ్బలు కొట్టాడా?"

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"కొట్టాడా, లేదా?"

"కొట్టాడు."

"విన్నావా?"

"విన్నా."

"విని తీశావు."

మేస్త్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో పైన ఏం జరుగుతోందో వినలేదు. కన్నీళ్లలో, వాన తుంపరలో అతనికి ఏదీ సరిగ్గా కనపడలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని అన్నాడు, "అక్కా, నన్ను ఏమన్నా చెయ్యి. పదిమందిలో చెప్పు. ముందు బయటికి రానివ్వు. కాలు గట్టిగా తొక్కి పట్టు."

"నేనెక్కడ తొక్కుతున్నా?"

ఆ మాట సీట్లోంచి రాలేదు. పక్కనుంచి వచ్చింది.

తల తిప్పాడు. ముందు చక్రం దగ్గర, నీళ్లలో, అక్క కాళ్లు రెండూ కనపడ్డాయి. తడిసిన చీర కుచ్చిళ్లు. ఆమె రెండు చేతుల్లోనూ అడ్డచెక్కలు.

చక్రాల వెనక చెక్కలు లేవు. షాఫ్టు విప్పేసి ఉంది. బండి మాత్రం వాలు మీద కదలకుండా నిలబడి ఉంది.

నేల మీద ఎర్రటి వెలుగు అలాగే ఉంది.

"లోపల... లోపల ఎవరున్నారక్కా?"

"నన్నడుగుతావేంట్రా? ఇంటి వెనక షెడ్డులో బ్యాటరీ కూడా లేని బండికి తొమ్మిదేళ్లుగా సాయంత్రమైతే ఈ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. భయంతో తలుపుకు తాళం వేసుకున్నాను. ఆయన ఏం అడుగుతున్నాడో మొన్నటిదాకా నాకు అర్థం కాలేదు." ఆమె చెక్కలు రెండూ దూరంగా విసిరేసింది. "నిన్ను నేను చంపను. ఎత్తుకుని పెంచిన చేతులు ఇవి. నిన్ను ఆయన దగ్గరికి తెచ్చా, అంతే. వదిలేస్తాడో, వదలడో, మీరిద్దరూ తేల్చుకోండి."

"అక్కా! వెళ్లకు! నీ కాళ్లు పట్టుకుంటా..."

చెయ్యి చాపాడు.

ఎర్రదీపం ఆరింది.

టైరు కదిలింది. బెత్తెడులో సగం. రబ్బరు చొక్కాకు తగిలింది. దీపం మళ్లీ వెలిగింది. బండి ఆగింది.

పైన సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. బరువైన మనిషి సర్దుకుని కూర్చున్నట్టు.

అక్క కాళ్లు గేటు వైపు నడిచాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఏడుస్తోందని భుజాలను బట్టి తెలుస్తోంది. గేటు దగ్గర పక్క టైర్ల కొట్టతను గొడుగుతో ఎదురొచ్చాడు.

"ఏంటమ్మా, మేస్త్రి లేడా? ఏదో అరుపు వినపడింది."

"ఉన్నాడు. బండి కింద పనిలో ఉన్నాడు."

"ఈ వానలోనా! పనిరాక్షసుడమ్మా మీ తమ్ముడు," అని అతను లోపలికి తొంగిచూశాడు. "మేస్త్రీ! అంతా బాగేనా?"

పది అడుగులు. పది అడుగుల దూరంలో మనిషి. మేస్త్రి నోరు తెరిచాడు.

దీపం ఆరింది. టైరు పక్కటెముకల మీదికి ఒక వేలెడు ఎక్కింది. నోరు మూసుకున్నాడు. వెలిగింది.

"పలకడేం? చెవికి కడ్డీ పెట్టుకుని ఉంటాడు. మనం కదిపితే తిడతాడు," అని టైర్ల కొట్టతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. గేటు మూసిన చప్పుడైంది.

మేస్త్రి కదలలేదు. ఊపిరి కూడా కొంచెం కొంచెంగా, టైరుకు తగలకుండా తీసుకుంటున్నాడు. వాన తగ్గింది. చీకటి పడింది. ఎన్ని గంటలయిందో తెలియదు. పొద్దున్నే ఎవరో ఒకరు వస్తారు. జాకీ పెట్టి బండిని పైకి లేపుతారు. అప్పటిదాకా ఆ కాలు అలాగే ఉంటే చాలు. ఉంటుంది. తొమ్మిదేళ్లు ఉన్నది ఒక్క రాత్రి ఉండదా?

అలా అనుకున్నాక కాసేపటికి, నేల మీద ఎర్రటి వెలుగు సన్నగా వణకడం మొదలుపెట్టింది. చాలాసేపు బ్రేకు తొక్కి పట్టుకుంటే పిక్క లాగేస్తుంది, పాదం అలాగే వణుకుతుంది. అది మేస్త్రికి బాగా తెలుసు.