అచ్చు పడని పిల్ల

ఆ ఉదయం ఆకాశం నిండా బూడిదరంగు మబ్బులు పడమటి గాలికి నిలవలేక గుట్ట మీదుగా చీలిపోతున్నాయి. రాత్రి కురిసిన ఆరుద్ర కార్తె వానకు నేలలో పట్టిన పదును రెండు రోజులకు మించి ఆగదు.

వన్నూరమ్మ తలకు కట్టుకున్న పాఠపట్టీ విప్పి అంచు చూసింది. ఎర్రదీపం. ఇది మూడో తడవ.

పట్టీ కట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి పాఠమంతా తలలో కుదురుకునే కాలమది. ఊళ్లో దాన్ని అచ్చు పడటం అనేవారు. నూటికో కోటికో ఒకరికి పడదు. మూడుసార్లు పడకపోతే పట్నంలో వ్యవసాయ విద్యాలయం తలుపు ఇక తెరుచుకోదు.

“పడలేదా?” అన్నాడు తండ్రి గంగులప్ప.

“లేదు నాయనా.”

“సరేలే. మొగం కడుక్కో.”

తప్పిన బిడ్డతో ఏం మాట్లాడాలో అతనికి అచ్చు పడిన పాఠాల్లో ఎక్కడా లేదు.

ఇంట్లో ఉండలేక వన్నూరమ్మ గుట్ట వైపు నడిచింది. విత్తు యంత్రాలు ఎక్కలేని ఆ రాళ్లచేనులో పొరుగింటి హనుమక్క విత్తే గొర్రు పక్కన కూర్చుని ఉంది. ఏటేటా ఆమే చేత్తో కొర్రలు విత్తుతుంది.

“యాడికి పోతాండావు పాపా?”

“యాడికీ లేదవ్వా. నాకు అచ్చు పడలే.”

“పడకపోతే పాయ. మా కాలంలో ఎవురికి పడిండె?”

“నవ్వొద్దవ్వా. పట్నంలో సదువుకుందామనుకుంటి.”

హనుమక్క నవ్వు ఆపి, వాచిన వేళ్లు చూపింది. “ఈ ఏడు ఇవి ముడుసుకోవడం ల్యా. పదునేమో ఆరిపోతాంది.”

“గింజలు నేను పోస్తా. ఎట్ల పొయ్యాలో నేర్పవ్వా.”

ముసలామె ఆ పిల్ల వైపు చెవి వంచింది.

“ఇంగొకతూరి అను.”

“నేర్పవ్వా.”

“ముప్పై ఏండ్లాయ పాపా, ఈ ఊర్లో నన్నొకరు ఇట్లడిగి.”

పట్టీలొచ్చాక అందరూ అన్నీ తెలిసినవాళ్లే. ‘అదెందుకవ్వా, ఇదేందవ్వా’ అంటూ కొంగు పట్టుకుని ప్రాణం తీసే పిల్లలు లేకుండా పోయారు. పెద్దల మాటలు ఉప్పూ పప్పూ దగ్గర ఆగిపోయాయి. అలా జరుగుతుందని పట్టీ చేసినవాళ్లు అనుకోలేదు.

“మా అత్త నెత్తిన మొట్టి నేర్పిచ్చె,” అంటూ హనుమక్క లేచింది. “పిడికిలి బిగించొద్దు. బొటనేలితో తొయ్యి. గింజ జారేది సెయ్యికి తెలియాల.”

ఎద్దుల బదులు కట్టిన చిన్న లాగుడుబండి గొర్రును కదిలించింది. వన్నూరమ్మ వెనకే నడుస్తూ, గొర్రు గొట్టాల మీది జడ్డిగం గిన్నెలో గింజలు పోసింది. మధ్యాహ్నానికి నడుం విరిగినంత పనైంది.

ఆరో రోజున మొలకలు వచ్చాయి. ఒకచోట జుట్టు ముడేసినట్టు గుబురు, ఇంకోచోట బోడినేల. తన తప్పులన్నీ పట్టపగలు సాళ్లలో పడుకుని ఉంటే వన్నూరమ్మ తల వంచుకుంది.

హనుమక్క సాలు వెంట నడిచింది. “ఈడ నీకు తుమ్మొచ్చింది. ఈడ పట్నం గుర్తొచ్చింది.” ఇంకాస్త నడిచి ఆగింది. “ఇదిగో, ఈడ్నించి సూడు. ఇరవై మూరలు ఒకే తీరున మొలిసినాయి. మా అత్త ఉన్నా దీనికి వంక పెట్టలేదు.”

వన్నూరమ్మ ఆ ఇరవై మూరలూ చేత్తో కొలిచింది. మళ్లీ కొలిచింది. పట్నం బాధ పోలేదు. అయినా అవ్వ వైపు తిరిగి, “ఉలవలు ఎప్పుడు ఇత్తుతారవ్వా? అవి గూడా నేర్పాల,” అంది.

సంగటి తెచ్చిన గంగులప్ప గట్టు మీద నిలబడి అంతా విన్నాడు. ఎకరానికి ఎన్ని మొక్కలుండాలో అతనికి తెలుసు. గింజ చేతిలోంచి ఎలా జారాలో తెలియదు.

“పాపా, ఆ పిడికిలి ఎట్ల పట్టాలో... నాకూ సూపిస్తావా?”

పదేళ్ల వయసులో పట్టీ కట్టుకున్న తర్వాత అతను ఒకరిని అడిగి నేర్చుకోవాలనుకోవడం ఇదే మొదలు. వన్నూరమ్మ గుప్పెడు కొర్రలు తండ్రి చేతిలో పోసి, వేళ్లు ఒక్కొక్కటే మడిచింది. సగం నేలపాలయ్యాయి.

“మొద్దు సెయ్యి,” అంది హనుమక్క.

ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. గంగులప్ప సంగటి ముద్దలు పెట్టి, శనక్కాయ ఊరిబిండి పచ్చడి పక్కన వేశాడు. మొలిచిన సాళ్ల వైపు చూస్తూ తిన్నారు.