పలకరిస్తే పలకని ఫాదర్

గాజుపెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పుస్తకం లేదు.

2021 జనవరి 19, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. ఐర్లండ్‌లో మెయ్‌నూత్‌కి దగ్గర్లో కిల్‌బ్రాన్ అనే చిన్న ఊరు. అక్కడి కేథలిక్ చర్చిని ఆనుకుని ఫాదర్లు ఉండే పాత రాతి ఇల్లు. ఇంటి పెద్ద టియర్నీకి ఎనభై రెండేళ్ళు. సీనియర్ ఫాదర్లకిచ్చే గౌరవ బిరుదుతో అందరూ కానన్ అంటారు. కోవిడ్ వచ్చిన దగ్గర్నుంచి మేడ దిగడం తక్కువ. ఆరోజు టీ కోసం దిగి, ముందుగదిలో ఖాళీ పెట్టె చూసి కుర్చీలో కూలబడ్డాడు.

పోయింది అరచేయంత డైరీ. నూట డెబ్బై ఏళ్ళ నాటిది. ఈ ఊరినుంచి అమెరికా వెళ్ళి, ఒహాయోలో రైలు పట్టాలు వేసే కూలీల గుడిసెల మధ్య ఫాదర్‌గా నలిగిపోయిన కర్నీలియస్ డార్గన్ రాసుకున్నది. గుర్రం చచ్చిన రోజు, బురదలో పదిహేను మైళ్ళు నడిచిన రోజు, పశువుల కొట్టంలో పూజ చేస్తుంటే ద్రాక్షారసం గడ్డకట్టిన రోజు, అన్నీ అందులో ఉన్నాయి.

లాక్‌డౌన్‌లో చర్చికి జనం రావడం ఆగిపోయాక ఆ డైరీకి కొత్త ప్రాణం వచ్చింది. ఇంట్లో ఉండే రెండో ఫాదర్ రోజూ సాయంత్రం ఆరింటికి చర్చిలో వెబ్‌క్యామ్ ముందు కూర్చుని రెండు పేజీలు చదివేవాడు. ఊరంతా ఫోన్లలో వినేది.

ఆయన పేరు జోజి. సొంతూరు తెనాలి పక్కన. ఇప్పుడు అందరి అనుమానమూ ఆయన మీదే.

మంగళవారం రెండు నలభైకి ఆయన ఇంట్లోంచి బయటికి వెళ్ళాడు. నాలుగూ ఐదుకి తిరిగొచ్చాడు. ఎక్కడికెళ్ళావని కానన్ అడిగితే నోరు విప్పలేదు.

గురువారం సాయంత్రం ఆరు దాకా కానన్ గడువిచ్చాడు. ఈలోపు పుస్తకం దొరక్కపోతే గార్డ్స్‌కి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫోన్. బిషప్‌గారికి ఉత్తరం. దొంగ అన్న పేరుతో జోజికి ఇండియా టికెట్.

*

"అక్కా, నువ్వే ఏదో ఒకటి చెయ్యాల," అంది ఫెబి ఫోన్లో. బుధవారం ఉదయం పదకొండు.

ఫెబి గుంటూరు అమ్మాయి. ఆ ఊరి నర్సింగ్ హోమ్‌లో కేరర్, అంటే అక్కడ ఉండే ముసలివాళ్ళని చూసుకునే మనిషి. మాట్లాడుతున్నది చంద్రకళతో.

చంద్రకళది హనుమకొండ. ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో ఇన్వెస్టిగేటర్. బ్యాచ్ పాడైతే ఎందుకు పాడైందో, ఏ పూట, ఎవరి చేతిలో పాడైందో తేల్చడం ఆమె పని. మనుషులు చెప్పేదానికంటే కాగితాన్ని ఎక్కువ నమ్ముతుంది. ఆ అలవాటుకి ఆమె భర్త పెట్టిన పేరు రోగం.

"నేను పోలీసునా ఫెబీ? గార్డ్స్‌కి చెప్పుకోమను."

"వాళ్ళొస్తే ఇంకా గొడవ. ఫాదర్ గారు అట్టాంటి మనిషి కాదక్కా."

"ఏడికి పోయిండో ఆయన ఎందుకు చెప్తలేడు?"

ఫెబి వెంటనే జవాబు చెప్పలేదు. "నాకేం తెలుసక్కా," అంది తర్వాత.

ఆ ఆలస్యం చంద్రకళకి నచ్చలేదు. నోట్‌బుక్ తీసి మొదటి పేజీలోనే ఫెబి పేరు రాసుకుంది.

*

పన్నెండున్నరకి ఆమె ఫాదర్ల ఇంట్లో ఉంది. గార్డ్స్ కంటే ముందు నేను చూస్తానంటే కానన్ సరేనన్నాడు. మాస్కు, తెరిచిన కిటికీలు, రెండు మీటర్ల దూరం.

పెట్టె పగల్లేదు. తాళంచెవితో తీశారు. తాళంచెవి వంటింటి ప్రెస్‌లో, అంటే అలమరలో, టీ డబ్బా వెనక ఉంటుంది.

"ఎవరెవరికి తెలుసు?" అంది మేడమెట్ల మీద కూర్చున్న కానన్‌తో.

"నాకు. జోజికి. ఫింటన్ కోల్గన్‌కి. ఈ పెట్టె చేయించింది అతనే. బడి హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు. మా ఊరి చరిత్రంతా అతని నాలుక మీద ఉంటుంది."

"ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

"పడక మీద. రెండు ముప్పావు నుంచి నాలుగు దాకా నిద్రపోతాను. ఊరందరికీ తెలిసిన సంగతే."

"వెనక తలుపు?"

"అరవై ఏళ్ళలో పగటిపూట తాళం వేసింది లేదు, అమ్మాయీ."

ఫాదర్ జోజి తోటలో ఉన్నాడు. నలభై దాటిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పుస్తకం మీరు తీసిన్రా, ఫాదర్?"

"లేదమ్మా."

"మంగళవారం ఏడికి పోయిన్రు?"

"బయటికెళ్ళాను. అంతకంటే చెప్పలేను."

"చెప్పకపోతే ఏమైతదో తెల్సా?"

"తెలుసు. మా అమ్మకి ఏం చెప్పాలా అని నిన్నట్నుంచి అదే ఆలోచిస్తన్నా."

"మరి?"

"నేను చెబితే నష్టపోయేది నేనొక్కణ్ణే కాదు. నన్నడగొద్దమ్మా."

ఈయనెవర్నో కాపాడుతున్నాడు, లేకపోతే కాపాడుతున్నట్టు నటిస్తున్నాడు. రెండోదే నిజమై ఉంటుందని చంద్రకళకి అనిపించింది. ఫ్యాక్టరీలో తప్పు చేసినవాళ్ళంతా మొదట ఇలాగే పెద్దమనుషుల్లా మాట్లాడతారు.

*

ఫింటన్ కోల్గన్ తన ఇంటి గేటు అవతల నిలబడి స్టేట్‌మెంట్ ఇచ్చాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, టై. మెడ దగ్గర చొక్కా బటన్ ఒకటి ఊడి, కుట్టేవాళ్ళు లేనట్టు దారం వేలాడుతోంది.

"రెండు నలభైకి నడకకి బయల్దేరాను. చర్చి గేటు దగ్గర ఫాదర్ జోజి ఎదురయ్యాడు. కుడిచెయ్యి కోటు లోపల, ఛాతీ మీద అదిమిపెట్టుకున్నాడు. గుడ్ ఆఫ్టర్‌నూన్ ఫాదర్, అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను. నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు."

"రోజూ పలకరిస్తాడా?"

"రోజూ. కుక్కల్ని కూడా పలకరిస్తాడు."

"తర్వాత మీరెక్కడికి వెళ్ళారు?"

"నేరుగా ఇంటికి. ఒక్కణ్ణే. సాక్ష్యం కావాలంటే మా కెటిల్‌ని అడగండి."

వెళ్ళేముందు అతను ఒక చిన్న పుస్తకం గేటు మీద పెట్టి వెనక్కి జరిగాడు. తనే రాసి అచ్చువేయించి ఇంటింటికీ పంచిన డార్గన్ జీవితచరిత్ర. అట్ట మీద 'పిలిస్తే వెళ్ళని రోజు లేదు' అని ఉంది.

"చదవండి. మేము ఎలాంటి మనిషిని పోగొట్టుకున్నామో తెలుస్తుంది."

చంద్రకళ చేతికి వచ్చిన కాగితమేదీ చదవకుండా వదలదు. ఆ సాయంత్రం అన్నం పొయ్యి మీద పెట్టి మొదటి పేజీ తిప్పింది. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి అన్నం మాడింది.

తర్వాత ఫాదర్ జోజి చదివిన పాత వీడియోలు పెట్టింది. జనవరి 12 నాటిది రెండుసార్లు చూసింది. సోమవారం నాటి చివరి వీడియో 1849 ఆగస్టు 10 దగ్గర ఆగింది. ఆ తర్వాత ఊరి మరణవార్తల వెబ్‌సైట్ తెరిచింది. మంగళవారం సాయంత్రం ఒకే ఒక్క పేరు: పీడర్ నోలన్, తొంభై ఒకటి, నర్సింగ్ హోమ్‌లో.

ఫెబికి ఫోన్ చేసింది.

"నర్సింగ్ హోమ్ ఎనక తలుపు తీసింది నువ్వేనా?"

అవతల ఏడుపు.

"మేం బాప్టిస్టులం అక్కా. పోయేముందు కేథలిక్కులకిచ్చే నూనె, అప్పం మాకు తెలియవు. తాత మూడ్రోజులుగా ఫాదర్, ఫాదర్ అని ఒకటే కలవరింత. ఎవర్నీ రానీయొద్దని రూలు. నేనే ఫోన్ చేశా. కిట్ వేయించి లోపలికి పంపించా. ముప్పావు గంట. తాత ఆయన చెయ్యి పట్టుకునే నిద్రపోయాడు."

"నాతోని ముందే చెప్తే ఏమైతుండె?"

"చెబితే ఉజ్జోగం పోద్ది. ఉజ్జోగంతోపాటే పర్మిట్ పోద్ది. నా ఇద్దరు పిల్లలు ఇక్కడే బళ్ళో ఉన్నారక్కా. కానీ ఆయన్ని దొంగ అంటే నేనెట్టా ఊరుకోను?"

"ఎవ్వరితోని అనకు," అంది చంద్రకళ. నోట్‌బుక్‌లో ఫెబి పేరు మీద గీత కొట్టేసింది. జోజి పేరు మీద కూడా కొట్టేసింది. ఆయన్ని నటుడనుకున్నందుకు సిగ్గేసింది.

*

గురువారం ఐదున్నర. ఖాళీ చర్చిలో నలుగురు. ఒక్కో బెంచీకి ఒక్కరు. కానన్ రెండు కంబళ్ళు కప్పుకుని వచ్చాడు.

"పుస్తకం తీసినవాళ్ళకి మూడు సంగతులు తెలిసి ఉండాలి," అంది చంద్రకళ. "తాళంచెవి ఎక్కడుంటుందో. కానన్ ఎప్పుడు నిద్రపోతారో. ఫాదర్ జోజి ఇప్పట్లో తిరిగి రాడని. మొదటి రెండూ ముగ్గురికి తెలుసు. మూడోది ఎవరికి తెలుసు?"

"ఆయనే దొంగైతే మూడోదానితో పనేముంది?" అన్నాడు ఫింటన్.

"కోల్గన్ గారూ, మీరు పలకరిస్తే ఆయనెందుకు పలకలేదు?"

"దొంగ ఎందుకు పలుకుతాడు?"

"నేనూ ఒక పూటంతా అలాగే అనుకున్నాను. నాది మీ మతం కాదు, కాబట్టి నాకు తెలియదు." ఆమె ఫింటన్ రాసిన పుస్తకం తెరిచింది. "తొమ్మిదో పేజీ. 'దివ్యసత్ప్రసాదపు అప్పాన్ని గుండెకి హత్తుకుని చావుబతుకుల్లో ఉన్నవారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫాదర్ డార్గన్ దారిలో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అది ఆచారం. తెలిసినవాళ్ళు దారి పక్కన మోకరించేవారు. తెలియనివాళ్ళు పొగరనుకునేవారు.'"

ఆమె పుస్తకం మూసి ఫింటన్ వైపు తిరిగింది.

"జనవరి 12న ఫాదర్ జోజి డైరీలో ఆ ముక్క చదివారు. మా తాత ఊళ్ళో మతబోధ చేసే ఉపదేశి, ఆయన దగ్గర నేర్చుకుని ఇప్పటికీ పాటిస్తున్నాను, అన్నారు. ఆ వీడియో కింద మొట్టమొదటి కామెంట్ మీదే."

ఫింటన్ టై సర్దుకున్నాడు.

"ఊళ్ళో ఇంకెవరైనా ఆ మౌనం చూసి దొంగ అనుకోవచ్చు. మీరు అనుకోలేరు. ఆయన చెయ్యి గుండె మీద చూడగానే, ఎవరో పోతున్నారనీ, గంటదాకా ఆయన తిరిగి రాడనీ మీకు తెలిసిపోయింది. తెలిసి కూడా నాతో దొంగ అన్నారు."

కానన్ మెల్లగా తల తిప్పాడు. "జోజీ, ఎవరైనా పిలిస్తే వెళ్ళావా?"

"వెళ్ళాను, కానన్."

"ఎక్కడికని అడగను. నన్నూ అరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదు."

అంతే. ఫెబి పేరు ఆ చర్చిలో ఎవరి నోటా రాలేదు.

ఫింటన్ కోటు జేబులోంచి డైరీ తీశాడు.

"తగలబెడదామనుకున్నాను. చేతులు రాలేదు," అన్నాడు. "ఆగస్టు పదకొండు. మంగళవారం సాయంత్రం చదవాల్సింది అదే. జోజి ఊరందరి ముందూ చదివేస్తాడని తీశాను."

"ఏముంది అందులో?" అన్నాడు కానన్.

"ఆరోజు పిలిస్తే డార్గన్ వెళ్ళలేదు." అన్నాడు ఫింటన్. "నా పుస్తకం అట్ట మీద అబద్ధం ఉంది. అది నాకు పదేళ్ళుగా తెలుసు. పిలిస్తే వచ్చే ఫాదర్ ఒక్కడైనా ఉన్నాడని నమ్మాలనిపించేది. మరీ ఏప్రిల్ తర్వాత."

కిందటి ఏప్రిల్‌లో అతని భార్య మోరా ఆసుపత్రిలో కోవిడ్‌తో పోయింది. ఫింటన్ ఆరోజు ఫాదర్ల ఇంటికి మూడుసార్లు ఫోన్ చేశాడు.

"నువ్వు రాలేదు," అన్నాడు జోజి వైపు తిరిగి. "ఫోన్లో ప్రార్థన చెప్పావు. మంగళవారం గేటు దగ్గర నిన్ను చూశాను. గుండె మీద చెయ్యి. ఎవరికోసమో వెళ్తున్నావు. నా మోరా కోసం కదలని మనిషివి. పుస్తకం తీయాలని ముందే అనుకున్నాను. నీ మీదికి నెట్టాలని మాత్రం అక్కడే, ఆ గేటు దగ్గరే అనుకున్నాను."

ఫాదర్ జోజి లేచి నిలబడ్డాడు.

"ఆసుపత్రిలో రానివ్వరని మీకు చెప్పాను. అది నిజమే. కానీ అడిగి చూడొచ్చు. నేను అడగలేదు. భయమేసింది. ఆ మాట మీకు చెప్పలేదు. క్రిస్మస్‌కి ముందు ఆ పదకొండో తేదీ పేజీ చదివాను. అది చదివాను కాబట్టే మంగళవారం వెళ్ళగలిగాను."

గడియారం ఆరు కొట్టింది. రోజూలాగే కెమెరా మీద ఎర్రలైటు దానంతటదే వెలిగింది. చంద్రకళ ఫోన్లో ఫెబి మెసేజ్: ఏమైందక్కా? 'లైవ్ పెట్టుకో' అని జవాబిచ్చింది.

జోజి కెమెరా ముందుకి వెళ్ళలేదు. ఫింటన్‌కి దారి చూపించాడు.

ఫింటన్ డైరీ తెరిచి పేజీ వెతుక్కున్నాడు. తర్వాత వెళ్ళి కూర్చుని, హెడ్‌మాస్టరు గొంతుతో చదివాడు.

"ఆగస్టు 11. కలరా. మధ్యాహ్నం లించ్ గుడిసె నుంచి మనిషి వచ్చి తలుపు కొట్టాడు. నేను మంచం మీద ఊపిరి బిగబట్టి పడుకున్నాను. నాలుగుసార్లు కొట్టి వెళ్ళిపోయాడు.

"ఆగస్టు 12. లించ్‌ని పూడ్చాను. తలుపు కొట్టినప్పుడు ఇంట్లోనే ఉన్నానని అతని భార్యకి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, వేడిపాలు తెచ్చి నా చేతికిచ్చింది."

అక్కడ ఆగాడు. పుస్తకం మూసి, శానిటైజర్‌తో చేతులు తుడుచుకుని, దాన్ని బల్ల మీద పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"గుడ్ ఈవినింగ్, ఫాదర్."

"గుడ్ ఈవినింగ్, ఫింటన్," అన్నాడు జోజి.