అత్తగారి మాటు

అన్యాయం జరిగింది అత్తగారికి. ఎప్పుడంటే, పెద్దకొడుకు ఇంకా పాకుతున్న ఏడాది, వానాకాలంలో. మామగారు జ్వరమొచ్చి ముసుగుతన్ని పడుకుంటే, ఎవరిదో కారు రేడియేటరుకి ఆవిడే రాత్రికి రాత్రి మాటు పెట్టి అతికింది. తెల్లారి మామగారు లేచి, తల దువ్వుకుని, మెప్పంతా తను మూటగట్టుకున్నాడు. ఏ కారో, ఏ తారీఖో ఎవరూ రాసుకోలేదు. ఆడదాని పనికి తారీఖెందుకు?

ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ మూడేళ్లుగా మామగారి రేడియేటర్ల షాపు వెనక షెడ్డుకి పాడుపేరు. దీపాలు పెట్టాక అక్కడ ఎవరైనా గ్యాసు టార్చి వెలిగించారో...

"ఊహూఁ."

అంతే. కేక కాదు, ఏడుపు కాదు. బతికున్నన్నాళ్లూ అత్తగారు దేనికైనా చెప్పిన జవాబు అదే. చీర కొందామంటే ఊహూఁ. కాసేపు నడుం వాల్చమంటే ఊహూఁ. మాటు బాగా కుదిరిందా అంటే మరీ గట్టిగా ఊహూఁ.

ఇద్దరు పనివాళ్లు మానేశారు. మామగారైతే ఒకసారి ఒంటి చెప్పుతో బయటపడ్డాడు. రెండోది రెండేళ్లయినా ఆ షెడ్డులోనే ఉంది.

విన్నది విన్నట్టు చెబుతున్నాను. అలాంటి షెడ్డులోకి రాత్రి పదకొండింటికి ఒంటరిగా వెళ్లింది ఆ ఇంటి కోడలు.

వెళ్లక తప్పలేదు మరి. ఆ సాయంత్రమే ఒక ఆసామి యాభై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రేడియేటరు పై ట్యాంకు అతుకులో సూదిమొనంత కన్నం. పొద్దున్నే పాత కార్ల సంఘం పెద్దాయన పరీక్షకి వస్తాడట.

"కన్నం పూడ్చండి చాలు. అతుకు మాత్రం విప్పకండి. కంపెనీవాళ్లు పెట్టిన మాటు అది, కారు పుట్టినప్పటిది. విప్పారంటే ఒరిజినల్ అన్న పేరు పోతుంది. కారు సంఘం పుస్తకంలోంచి పోతుంది," అన్నాడు ఆసామి. "దాంతోపాటు మీ షాపు పేరు కూడానూ."

"ఇలాంటివి నా చేతిమీద ఎన్ని వెళ్లాయండీ," అన్నాడు మామగారు. ఆ చేతులు వణకడం మొదలై ఆరేళ్లు. ఆసామి గేటు దాటగానే కోడలి వైపు తిరిగాడు. "నువ్వు చేసెయ్యమ్మా. నేను చేశానని చెబుదాం."

"మీకు అలవాటేగా మామయ్యా."

ఆయనకి వినబడలేదు. అలాంటివి ఆయనకి వినబడవు.

షెడ్డు చల్లగా ఉంది. కోడలు రేడియేటరుని బల్లమీద పడుకోబెట్టి, టార్చి వెలిగించి, నీలిమంటని ఇత్తడిమీద మెల్లగా ఆడించింది. కన్నం చుట్టూ లోహం వేడెక్కుతోంది... ఇంకాస్త... ఇంకాస్త...

ఊ...

చెయ్యి ఆగిపోయింది.

...హూఁ.

"అత్తయ్యా," అంది గుసగుసగా. "పొద్దున్నే ఇవ్వాలి. అడ్డుపడకండి."

మళ్లీ మంట దగ్గరికి తెచ్చింది.

ఊ...హూఁ.

ఈసారి దగ్గర్నుంచే. మణికట్టుకి వెచ్చటి ఊపిరి తగిలింది. కాళ్లు గుమ్మం వైపు తిరిగాయి కూడా. సరిగ్గా అప్పుడే మూలన మామగారి ఒంటి చెప్పు కనబడింది — దుమ్ము పట్టి, వెల్లకిలా. దానికి తన చెప్పు జత చేయడం ఇష్టంలేక ఆగింది.

ఆగి, ట్యాంకుకి చెవి ఆనించింది.

గుడగుడ.

లోపలి మడతలో నీళ్లు. వేడికి ఆవిరై, సగం సున్నం పట్టిన పక్కగొట్టంలోంచి ఊదుతున్నాయి. సన్నగా ఒకసారి, లావుగా ఒకసారి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

నవ్వుకుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తడిమీద మాటు పట్టదు. పైపైన పూసి ఇచ్చేస్తే పొద్దున ఎవరికీ తెలియదు, నాలుగు వీధులు తిరిగేసరికి ఊడుతుంది. సరిగ్గా పెట్టాలంటే అతుకు విప్పి ఆరబెట్టాలి. విప్పితే కారు పేరూ షాపు పేరూ గంగపాలు.

చివరికి చీకట్లోకి చూస్తూ అడిగింది.

"విప్పనా, అత్తయ్యా?"

చప్పుడు లేదు.

ఆవిడ ఊహూఁ అనలేదంటే సరే అన్నట్టే. ఆ ఇంట్లో పదిహేనేళ్లు కాపురం చేసిన కోడలికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

విప్పింది. నీళ్లు ఒంపి, లోపల గుడ్డతో తుడిచి, దీపం దగ్గరికి తెచ్చింది... అలాగే కొయ్యబారిపోయింది.

లోపలి ఇత్తడిమీద మేకుమొనతో గీసిన అక్షరాలు. అత్తగారి ఎడమచేతి వాటం రాత, అన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. *తెల్లవారుజామున మూడింటికి అయింది. పిల్లాడు ఇంకా ఏడుస్తున్నాడు.* కింద తారీఖు.

ఆ పిల్లాడు ఇప్పుడు ముందుగదిలో గురకపెడుతున్నాడు. కోడలి మొగుడు.

మళ్లీ అతకడానికి ఆమెకి అరగంట చాలు. అతకలేదు. తెల్లారేదాకా ట్యాంకుని తెరిచే ఉంచింది.

పొద్దున ఆసామి దాన్ని చూసి గోడకి చేరగిలబడ్డాడు. "విప్పేశారా... నన్ను ముంచేశారు."

సంఘం పెద్దాయన భూతద్దం పెట్టి చాలాసేపు చదివాడు. "ఇరవై ఏళ్లుగా దీన్ని కంపెనీ మాటు అని రాసింది నేనే," అన్నాడు కాస్త సిగ్గుపడుతూ. "అంత సన్నంగా పెట్టారు. పోనీలెండి, కారు పుస్తకంలోనే ఉంటుంది. తారీఖు ఉన్న పాత మరమ్మతుని మేం కొట్టెయ్యం, కారు చరిత్రలో రాసుకుంటాం. చేసినవాళ్ల పేరు మాత్రం కావాలి." మామగారి వైపు చూశాడు. "ఇది మీ చేతిపనేనా?"

మామగారు చొక్కా సర్దుకున్నాడు. అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది.

"మరి ఇంకెవరిదండీ, నాదే..."

"ఊహూఁ."

బల్లమీంచి వచ్చింది. ట్యాంకు ఖాళీగా, పొడిగా, నోరు తెరుచుకుని ఉంది. నీళ్లు లేవు. షెడ్డులో ఎక్కడా మంట లేదు. ఆసామి విన్నాడు. పెద్దాయన విన్నాడు, భూతద్దం కిందపడింది.

మామగారు బల్ల అంచు పట్టుకున్నాడు. పెళ్లైనప్పటినుంచీ "ఏమేవ్" తప్ప ఇంకోమాటతో పిలవని పెళ్లాం పేరుని, ఇంటిపేరుతో సహా, గుమాస్తాకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"మరి ఇప్పుడు మళ్లీ అతికేది?" అన్నాడు పెద్దాయన.

మామగారు ముందు ట్యాంకు వైపు చూశాడు. ఆ తర్వాతే నోరు విప్పాడు.

"మా కోడలు."

పెద్దాయన రెండు పేర్లూ రాశాడు. మొదటి పేరు పక్కన, ట్యాంకులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు: 1984 ఆగస్టు 17.