పదకొండు నలభై దాకా వైవా

ధన్‌సింగ్ తన సర్వీసులో టీ పొడి ఏజెంటు వేషం వేశాడు, ఫారెస్టు గార్డు వేషం వేశాడు, ఒకసారి రెండు నెలలపాటు పెళ్ళిళ్ళ పేరయ్యగా కూడా తిరిగాడు. పీహెచ్‌డీ ఎగ్జామినర్ వేషం మాత్రం ఇదే మొదలు. యాభై రెండేళ్ళ వయసు, అరిగిపోయిన మోకాలు, మూడో ప్రయత్నంలో గట్టెక్కిన డిగ్రీ. ఇలాంటి మనిషిని ప్రొఫెసర్‌గా పంపాలనుకున్నవాడి తెలివికి దండం పెట్టాలి.

ఆ తెలివి మహబూబ్ అలీది. ఖమ్మంలో ఒక పరుపుల దుకాణం పైఅంతస్తులో రహస్య విభాగం నడిపే ఆఫీసరు. ధన్‌సింగ్ మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చోగానే ఫైలు ముందుకు తోశాడు.

పిల్ల పేరు గోరి. తిరుమలాయపాలెం దగ్గరి తండా. భద్రాచలంలో గోదావరి ఒడ్డునున్న రీసెర్చ్ సెంటర్‌లో మెటీరియల్స్ సైన్స్ స్కాలర్. అడవిలో తపసి చెట్టుకు కారే జిగురుతో పలచటి ఫిల్మ్ తయారు చేసింది. తెగిన గాయం మీద అంటిస్తే నెత్తురు నిమిషంలో ఆగిపోతుంది. డాక్టర్ ఫిర్దోస్ అనే సర్జరీ పీజీ అమ్మాయి దాన్ని దవాఖానాలో పరీక్షించి చూసింది. దాన్ని అడవి ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాలతోనే తయారు చేయించి, అక్కడే అందేలా చూడటం ఎలాగన్నది సంగీత అనే బిజినెస్ స్కాలర్ లెక్కగట్టింది. మూడు సబ్జెక్టులు, ముగ్గురు ఆడపిల్లలు, అయిదేళ్ళ కష్టం.

దాని మీద కన్నేసింది ఒక విదేశీ ముఠా. మన ఫైళ్ళలో దాని పేరు 'లైబ్రేరియన్'. చిన్న యూనివర్సిటీల్లో పేటెంట్ ఇంకా ఫైల్ చేయని పరిశోధన ఎక్కడుందో వాసన పట్టడం, కాజేసి బయటి దేశంలో ముందుగా ఫైల్ చేసేయడం దాని పని. ముందు ఫైల్ చేసినవాడిదే హక్కు. ఆ తర్వాత గోరి తన ఫిల్మ్‌ను తాను తయారు చేసుకోవాలన్నా వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి.

"సంగీత మన మనిషే," అన్నాడు మహబూబ్ అలీ. "డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తన మనిషి అనుకుంటున్నది. రేపు వాళ్ళకు దొంగ ఫార్ములా ఇస్తది. శుక్రవారం పొద్దుగాల మనోళ్ళు పేటెంట్ ఫైల్ చేస్తరు. గదే రోజు గోరి వైవా. నువ్వు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, ప్రొఫెసర్ జైరాం. గమ్మున కూసోని చూసుడే నీ పని."

"నన్ను సైన్స్ ఏమన్న అడిగితే?"

"ఎగ్జామినర్‌ను ఎవడు అడుగుతడు భాయ్? నువ్వే అడగాలె."

సంగీత పేరు విని ధన్‌సింగ్ ఫైలు మూశాడు. ఎనిమిదేళ్ళ క్రితం ఆమెకు ట్రైనింగ్ ఇచ్చింది తనే. వెంటాడేవాణ్ణి తిరిగి చూడకుండా ఎలా గుర్తుపట్టాలో, అబద్ధం చెప్పేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పించాడు. బాగా నేర్చుకుంది.

గాడ్జెట్ కింద ఈసారి చెవి మిషన్ ఇచ్చారు. చూడటానికి చెవిటివాళ్ళు పెట్టుకునేదే, లోపల రేడియో ఉంటుంది. అది పెట్టుకున్న క్షణం నుంచి కండక్టరు, లాడ్జి గుమాస్తా, టిఫిన్ బండివాడు అందరూ అతని ముఖం మీదకి వంగి అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. భద్రాచలంలో లాడ్జి గది చేరేసరికి ధన్‌సింగ్‌కి నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

గురువారం సాయంత్రం నాలుగింటికి అతను కరకట్ట మీద టీ తాగుతూ కూర్చున్నాడు. ఎదురుగా గెస్ట్‌హౌస్. అందులో హెండ్రిక్ అనే దొర పిట్టల ఫోటోలు తీసుకునే టూరిస్టు పేరుతో దిగాడు. సంగీత స్కూటీ గేటు ముందు ఆగింది. గంజి పెట్టిన నేత చీర, నల్ల కళ్ళద్దాలు. అంత ఎండలో ముఖాన చెమట చుక్క లేదు. బండి దగ్గర టీ తాగుతున్న మగవాళ్ళంతా గ్లాసులు చేతిలో పట్టుకుని మరిచిపోయారు. గదిలో మైకు పొద్దున్నే ధన్‌సింగ్ పెట్టి వచ్చాడు. చెవి మిషన్‌లో గరగరమన్న తర్వాత మాటలు తేటగా వినిపించాయి.

హెండ్రిక్ కోపంగా ఉన్నాడు. సంగీత అంతకుముందే ఇచ్చిన పేజీలను బట్టి తన వ్యాన్‌లోని చిన్న ల్యాబ్‌లో మూడుసార్లు ఫిల్మ్ తయారు చేశాడట, మూడుసార్లూ ఎండిన అప్పడంలా ముక్కలైందట. సంగీత శాంతంగా జవాబిచ్చింది. పేజీలు అసలైనవేనని, గోరి నోట్‌బుక్ నుంచి తన చేత్తో ఫోటోలు తీశానని, దొంగ పేజీలు తన బ్యాగులోనే ఉన్నాయని చెప్పింది. జిగురు పాళ్ళు, వేడి, టైము అన్నీ చదివి వినిపించింది. చివరిది ఐపీఏ, అయిదు మిల్లీలీటర్లు.

ధన్‌సింగ్ గ్లాసు కింద పెట్టాడు. తను తయారు చేసిన పిల్ల అమ్ముడుపోయింది. కోపం రావాలి కదా, రాలేదు. ఒంట్లో ఓపిక ఉంటే కదా కోపం వచ్చేది. ఉత్త నీరసం వచ్చింది.

ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ప్రతి ల్యాబ్‌లోనూ బీరువాలో ఉండే సీసా. అది పోస్తేనే ఫిల్మ్ విరిగిపోతోందని హెండ్రిక్ అంటున్నాడు. అయితే ఏ గ్రేడో అడుగుతానంది సంగీత. ఫోనులో ఇప్పుడు అడిగితే అనుమానం వస్తుందనీ, ఈ రాత్రి గోరి హాస్టల్‌కి రాకుండా ల్యాబ్‌లోనే ప్రిపేరవుతుందనీ, రేపు ఓపెన్ వైవా కాబట్టి చివర్లో ప్రేక్షకులు ఎవరైనా ప్రశ్నలు వేయొచ్చనీ, తను లేచి అడుగుతాననీ చెప్పింది. వైవా ఆన్‌లైన్ లింకులో కూడా వస్తుంది. హెండ్రిక్ విని ఆ ఒక్క లైను నింపి, బయటి దేశంలో ఎదురుచూస్తున్నవాడికి పంపితే చాలు.

ధన్‌సింగ్ లాడ్జికి పోయి, ఎగ్జామినర్‌కి పంపిన నోట్‌బుక్ కాపీ తెరిచాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నలభై ఒకటో పేజీలో, గోరి వంకర రాతలో, ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ మాట కనిపించింది. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. ఐ, రెండు పీలు, ఏ.

ఐపీఏ కాదు. ఇప్ప. ఇప్ప నూనె.

కారేపల్లి పక్క తండాలో పుట్టినవాడికి అది చదవడానికి సైన్స్ అక్కర్లేదు. కాళ్ళ పగుళ్ళకు అమ్మ రాసింది అదే. సంగీత దాన్ని చదువుకున్న కళ్ళతో చదివింది, రెండో పీని చేతి తప్పనుకుంది. ధన్‌సింగ్ ఆ గదిలో ఒంటరిగా, చాలా రోజుల తర్వాత, పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వు శుక్రవారం తొమ్మిదింటిదాకే నిలిచింది. అప్పుడు చెవిలో మహబూబ్ అలీ గొంతు వినిపించింది. పేటెంట్ ఫైల్ చేయాల్సిన లాయరు డిజిటల్ సంతకం గడువు రాత్రే అయిపోయిందట. కొత్తది వచ్చి ఫైల్ చేసేసరికి పదకొండు నలభై. సంగీత సంగతి ధన్‌సింగ్ రాత్రే చెప్పేశాడు కానీ, ఆమెనూ హెండ్రిక్‌నూ అరెస్ట్ చేయాలంటే ఢిల్లీ పర్మిషన్ కావాలి, అది కూడా అప్పటికే వస్తుందట. వైవా తొమ్మిదిన్నరకు మొదలు, మామూలుగా గంటలో అయిపోతుంది. సరిగ్గా పదిన్నరకు సంగీత లేచి అడుగుతుంది, గోరి ఏ కల్మషం లేకుండా జవాబు చెబుతుంది.

వైవా వాయిదా వేద్దామా అన్నాడు మహబూబ్ అలీ. ధన్‌సింగ్ వద్దన్నాడు. బయట ఉంటే సంగీత ఏ నిమిషంలోనైనా అడిగేస్తుంది. ఇద్దరిదీ హాస్టల్‌లో ఒకటే గది. గోరికి నిజం చెబితే నమ్మదు, నమ్మినా ఆ ముఖం ఏదీ దాచలేదు. వైవా నడుస్తున్నంతసేపు మాత్రం గోరిని ఎవరూ ఏమీ అడగలేరు, ఎగ్జామినర్ తప్ప.

"అంటే రెండు గంటల పైన వైవా సాగదీస్తవా? నీకేం తెలుసని?"

"తెలువకపోతేనే ఎక్కువ అడగొచ్చు సాబ్," అన్నాడు ధన్‌సింగ్.

హాల్లో నలభై మంది ఉన్నారు. చైర్మన్ శ్రీధర్, డిపార్ట్‌మెంట్ హెడ్, అందరి సెల్‌ఫోన్లూ బయట పెట్టించాడు. మొదటి వరుసలో ఫిర్దోస్ తెల్లకోటుతోనే వచ్చి కూర్చుంది. పక్కన సంగీత. ఆమె ధన్‌సింగ్‌ను చూసి గుర్తుపట్టి, తనవాళ్ళను చూసినట్టు చిన్నగా నవ్వింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తను నేర్పినట్టే.

గోరి బక్కపలచటి పిల్ల. కొత్త చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడుతుంటే సర్దుకుంటూ, పాళ్ళ జోలికి పోకుండా అరగంటలో అంతా చెప్పేసింది. చప్పట్లు కొట్టారు. ఇక ధన్‌సింగ్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

టైటిల్‌లో ఈ మాట ఎందుకు వాడావన్నాడు. ఆ మాట కాకుండా ఇంకోటి ఎందుకు వాడలేదన్నాడు. మీ స్టడీ లిమిటేషన్స్ ఏమిటన్నాడు, ఆమె చెప్పాక ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు. రిఫరెన్సుల్లో కామా ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇరవై నిమిషాలు పోయాయి. గ్రాఫును తలకిందులుగా పట్టుకుని అది ఎందుకు కిందికి దిగుతోందని అడిగాడు. గోరి నోరు ఎండిపోయి రెండుసార్లు నీళ్ళు తాగింది. ఫిర్దోస్ ముఖం ఎర్రబడింది. వెనక కుర్చీల్లో కొందరు కునుకు తీశారు. మనిషి ఒక ఆడపిల్లను ఇంతగా సతాయించగలడా అని ధన్‌సింగ్‌కే తన మీద అసహ్యం వేసింది.

పదకొండు ముప్పైకి శ్రీధర్ ఓపిక చచ్చి, చెవి మిషన్ వైపు వంగి, ఇక ఆడియెన్స్‌కి అవకాశం ఇద్దామని అరిచాడు. ధన్‌సింగ్ ఇంకో ప్రశ్న కోసం కాగితాలు తిప్పాడు. ఏమీ మిగల్లేదు. అడగాల్సినవీ అడక్కూడనివీ అన్నీ అయిపోయాయి. సంగీత లేచి నిలబడింది.

"గోరీ, నాదొక చిన్న డౌట్..."

"ఒక్క నిమిషం," అన్నాడు ధన్‌సింగ్. ప్రొఫెసర్ జైరాం ఇంగ్లిష్ అంతా ఎటో పోయింది. "ఎవరి కోసం చేసినవమ్మా ఇది?"

 గోరి టేబుల్ మీది కాగితాలు ఒక్కొక్కటిగా సర్ది పెట్టింది. చెప్పనని అనొచ్చు. కానీ అడిగింది ఎగ్జామినర్, ఆపితే డిగ్రీ పోతుందేమోనన్న భయం ఆమె ముఖంలో కనిపించింది.

"మా అన్న కోసం సార్. దస్రు. నేను ఎమ్మెస్సీల ఉన్నప్పుడు వరికోత మిషన్ల కాలు పడ్డది. తొడ కాడ తెగింది. ఆటోల పండబెట్టుకొని ఖమ్మం బయల్దేరినం. నా చున్నీ గట్టిగ కట్టిన. మా యాడి కొంగు, మా అమ్మ కొంగు చింపి కట్టిన. బట్ట తాగుతనే ఉన్నది సార్. ఎంత కట్టినా తాగుతనే ఉన్నది. మా అన్న నన్ను జూసి, ఏడవకే, దవాఖానా వచ్చినట్టే అన్నడు. ఇంకా సగం తొవ్వ కూడా కాలే."

ఫిర్దోస్ తల వంచుకుంది. ధన్‌సింగ్ గోడ గడియారం వైపు చూశాడు. పదకొండు ముప్పై తొమ్మిది. గోరి కళ్ళు తుడుచుకుని ఇంకా చెబుతోంది. బట్ట నెత్తురును తాగుతుంది కాబట్టి తాగని దాని కోసం వెతికానంది. అడవి ఊళ్ళలో తిరిగినప్పుడు చెట్టు గాటును మూసే జిగురు చూశానంది.

అతని చెవిలో చిటుక్కుమని చప్పుడైంది. "ఫైల్ అయ్యింది," అన్నాడు మహబూబ్ అలీ. "నంబరు గూడ వచ్చింది. పర్మిషన్ గూడ. ఇగ లే భాయ్."

ధన్‌సింగ్ మైకు వెనక్కి తోశాడు. ఆడియెన్స్ అడగొచ్చన్నాడు. సంగీత గొంతు సవరించుకుని ఐపీఏ ఏ గ్రేడు వాడావని అడిగింది. గోరి కన్నీళ్ళలోనే నవ్వేసింది.

"ఐపీఏ ఏందే? గది ఇప్ప నూనె. జిగురు మెత్తగుండాలని పోస్తం."

హాలంతా నవ్వింది. కరకట్ట దగ్గరి గెస్ట్‌హౌస్‌లో హెండ్రిక్ ఆ ముక్క టైపు చేసి పంపాడు, రెండు నిమిషాలు ఆలస్యంగా. అతను తలెత్తేసరికి గుమ్మంలో పోలీసులున్నారు. హాల్లో సంగీత నవ్వలేదు. గడియారం చూసింది, ధన్‌సింగ్‌ను చూసింది. మొత్తం అర్థమైంది. తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు మనుషుల వైపు తనే నడిచి వెళ్ళింది. ధన్‌సింగ్‌ను దాటుతున్నప్పుడు, "కామాల గురించి బాగా అడిగిండ్రు సార్," అంది మెల్లగా. ఆమె చేతులు వణుకుతున్నాయి. అది ఆపడం మాత్రం అతను నేర్పలేదు.

కేసు బయటికి పొక్కకూడదన్నది ఆర్డరు. అందుకని ధన్‌సింగ్ ఎవరికీ ఏమీ చెప్పకుండా, డిగ్రీ అవార్డు చేయవచ్చునని రిపోర్టు రాసి సంతకం పెట్టి వరండాలోకి వచ్చాడు. గోరి అక్కడే ఉంది. డాక్టరేట్ వచ్చిన మనిషిలా లేదు.

"ఒక మాట సార్," అంది. గొంతు పెంచలేదు. "మా అన్న సంగతి నేను ఎవ్వరికి చెప్పుకోలే. సంగీతకు గూడ చెప్పలే. మీరు అడిగిండ్రని చెప్పిన. నేను చెప్తుంటే మీరు గడియారం జూసిండ్రు."

ధన్‌సింగ్ నోరు తెరిచాడు. చెప్పడానికి కొండంత ఉంది, చెప్పకూడని కొండ. మీ అన్న ఆ పది నిమిషాలు నిలబెట్టకపోతే నీ జిగురు ఈపాటికి పరాయివాడిదై ఉండేదమ్మా అని గొంతుదాకా వచ్చింది.

"అవ్ బిడ్డా," అన్నాడు. "చూసిన. తప్పే."

ఆమె దండం కూడా పెట్టకుండా వెళ్ళిపోయింది. ధన్‌సింగ్ చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని, కుంటుకుంటూ బస్టాండుకు నడిచాడు. ఖమ్మం బస్సులో సీటు దొరకలేదు.

నెల తర్వాత మహబూబ్ అలీ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోరి, ఫిర్దోస్ కలిసి ఇచ్చిన కంప్లయింట్ మీద విచారణ జరిపి, మానవత్వం లేని ప్రొఫెసర్ జైరాంను ఇకమీదట ఏ పరీక్షకూ పిలవరాదని యూనివర్సిటీ తీర్మానించింది. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ధన్‌సింగ్ పని గురించి ప్రభుత్వ సంస్థ ఏదైనా రాతపూర్వకంగా గుర్తించింది అదొక్కటే.