వడమాలపేటలో మందు పెట్టిందెవరు?

"మా ఆడబిడ్డకు నేను మందు పెట్టినానంట అక్కా! రేపు తెల్లారితే నన్ను ఇంట్లోంచి ఎళ్లగొడతారు."

తిరుపతిలో డిటెక్టివ్ జయంతి ఆఫీసులో కూర్చుని కోమలి వెక్కివెక్కి ఏడుస్తోంది. నుదుటి మీద కట్టు ఉంది. మందు పెట్టడమంటే తిండిలో ఏదో కలిపి మనిషి మతి తప్పించడం. ఆ నింద ఒకసారి పడిందంటే ఈ వైపు ఊళ్లలో తుడుచుకోవడం కష్టం.

"ఆ దెబ్బ?"

"మా ఆడబిడ్డ లోకేశ్వరే ఇత్తడి చెంబు ఇసిరింది. బంగారట్లాంటి పిల్లక్కా! టీచరు పరీక్షకు చదువుకుంటా ఉండె. రెండు నెల్లుగా నిద్ర లేదు, ఊరికే అరుపులు. మా మామ రేపు దాన్ని పలమనేరు పక్కన కషాయం పోసి మందు కక్కించే ఆయన దగ్గరికి పిల్చకపోతాడంట."

అసిస్టెంటు గుణశేఖర్‌కు కోమలి మీదే అనుమానం కలిగింది. వదినా ఆడబిడ్డలంటే ఉప్పూ నిప్పూ కదా! కానీ జయంతి కోమలి వెంట బయల్దేరింది; జయంతి మాటంటే అతనికి వేదం. ఒకప్పుడు రక్త పరీక్షల ల్యాబులో పనిచేసిన మనిషి ఆమె.

వడమాలపేటలో ఎండ నిప్పులు చెరుగుతోంది. మామ కుప్పయ్య గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "మందు పెట్టిందీ ఆమె, మిమ్మల్ని పిల్చకొచ్చిందీ ఆమేనా?"

జయంతి అతన్ని ఒప్పించి లోపలికి వెళ్లింది. ఫ్యాను కిందే కూర్చున్నా లోకేశ్వరి చెమటతో తడిసిపోయింది. మెడ ఎముకలు బయటపడ్డాయి. చేతిలో నీళ్ల గ్లాసు వణుకుతోంది. జయంతి నాడి పట్టి చూసింది. నూట ముప్ఫై!

తల్లి శకుంతలమ్మ గోడకానుకుని, ఆ ఎండాకాలంలో ఉన్ని శాలువా కప్పుకుని కూర్చుంది. మొహం ఉబ్బింది.

"చలిగా ఉందా అమ్మా?"

"ఒళ్లంతా... సల్లగా ఉండాది..." గొంతు బొంగురుగా, మాట మాటకూ ఆగుతూ వచ్చింది.

బిడ్డ మీద దిగులుతో ఆమె నీరసించిందని గుణశేఖర్ జాలిపడ్డాడు.

వంటింట్లో కోమలి చెప్పింది. "అందరికీ నేనే వండేది. పొద్దున లోకేశ్వరికి రాగి జావ మాత్రం అత్త చేస్తాది. ఆ గ్లాసు నన్ను ముట్టనీదు."

అలమరలో మందు నూరే చిన్న కల్వం, అడుగున తెల్లటి పొడి. పక్కనే మాత్రల సీసా.

"అది అత్తది. థైరాయిడుకు రోజూ రెండు."

జయంతి తల్లీకూతుళ్లిద్దరి రక్తమూ తీసింది. తల్లిది ఎందుకో గుణశేఖర్‌కు అంతుబట్టలేదు.

సాయంత్రం ల్యాబు నుంచి ఫోన్ రాగానే జయంతి అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. గుమ్మం పక్కన కోమలి పెట్టె సర్ది ఉంది.

"మందు పెట్టిన మాట నిజమే."

కుప్పయ్య కోమలి మీదికి లేచాడు.

"కూర్చోండి పెద్దాయనా, ఆమె కాదు. మన గొంతులో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. దాని హార్మోను ఒంట్లో పొయ్యి మంట లాంటిది. ఎక్కువైతే గుండె దడ, చెమట, నిద్ర లేకపోవడం, పట్టలేని కోపం. తక్కువైతే చలి, వాపు, మత్తు. ఈ ఇంట్లో కూతురికి ఎక్కువైంది, తల్లికి అడుగంటింది. సీసా మాత్రం ఖాళీ అవుతోంది. మరి తల్లి మింగని మాత్రలు ఎవరి కడుపులోకి పోతున్నట్టు?"

గుణశేఖర్ శకుంతలమ్మ వైపు తిరిగాడు. ఆ శాలువా కళ్లెదుటే ఉన్నా తనకు తట్టలేదే!

శకుంతలమ్మ శాలువా అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అది పుస్తకం ముందర తూగతా ఉండె... ఈ మాత్రతోనే గదా నా మత్తు వదిలింది... దానికీ వదుల్తాదని నా రెండూ నూరి జావలో పోస్తిని. నేనెట్లుంటే ఏమిలే అనుకుంటి. బిడ్డ అట్లయిపోతే... కోమలే ఏదో పెట్టిందని నేనూ నమ్మితినే తల్లీ!"

"రేపు ఆ కషాయం పోసి కక్కించి ఉంటే, ఈ పిల్ల గుండె తట్టుకునేది కాదు," అంది జయంతి.

కుప్పయ్య నేల మీద కూలబడ్డాడు. "అయ్యో, నా సేతులారా సంపుకునేవాణ్ణే!"

"అంటే... నాకు పిచ్చి పట్టలేదా?" లోకేశ్వరి తలెత్తి అడిగింది.

"లేదమ్మా. జావలో అది ఆగిపోతే కొన్ని వారాల్లో కుదుటపడతావు. రేపు ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోవాలి."

లోకేశ్వరి లేచింది. కోమలి నుదుటి కట్టును వణికే వేళ్లతో తాకి, "వదినా..." అని ఆగిపోయింది. తర్వాత వంటింట్లోంచి సీసా తెచ్చి తల్లి ముందు కూర్చుని, ఒక మాత్ర ఆమె పెదాల దగ్గర పెట్టింది.

"మింగు మా. ఇది నీది."

శకుంతలమ్మ ఏడుపుతో నోరు తెరవలేకపోయింది. కోమలి గబగబా నీళ్లు తెచ్చింది. తెచ్చింది ఆ ఇత్తడి చెంబుతోనే, అంచు ఇంకా సొట్టపడి ఉంది.