శౌరయ్య రీళ్లు

ఆదివారం పొద్దున మరియదాసు అరుగు మీద గోనెపట్టా పరిచి, గాలపు దారం చుట్టే రెండు ఇత్తడి రీళ్లనూ విప్పి ముందు పెట్టుకున్నాడు. కోడలి కుట్టుమిషను నూనెలో కోడి ఈక ముంచి వాటి పళ్లచక్రాలకు రాస్తున్నాడు. భవానీపురంలో ఆ రెండు గదుల పెంకుటిల్లు కృష్ణ ఒడ్డుకి పిలిస్తే పలికేంత దూరం. తెల్లవారకముందే వెళ్లి పట్టుకొచ్చిన శీలావతి చేప ఒకటి వంటింటి గుమ్మంలో చిప్పలో పడి ఉంది.

గడ్డం గీసుకుంటూ కొడుకు బాలశౌరి గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ తుప్పు సామాను లోపల పడెయ్ నాన్నా. సాయంత్రం మా ఆఫీసరుగారు వస్తున్నారు."

మరియదాసు తలెత్తలేదు. "ఇత్తడికి తుప్పు పట్టదురా. ఎస్సెల్సీ ప్యాసయ్యావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలిసింది చాల్లే. ఇంటికెవరొచ్చినా ముందు ఈ నీచువాసనే ఎదురొస్తుంది."

"ఆ వాసనతోనేరా నువ్వు పెరిగింది."

లోపల పొయ్యి ఊదుతున్న అమలమ్మ నిట్టూర్చింది. పెళ్లయి వచ్చిన ఎనిమిదేళ్లుగా ఆమె వింటున్న సుప్రభాతం ఇదే.

ఆ రీళ్లు మరియదాసు తండ్రి శౌరయ్యవి. పాత ఆనకట్ట మీద కూలికి వెళ్లే రోజుల్లో శౌరయ్య ఒక ఇంగ్లీషు దొరకి పడవ పట్టేవాడు, గాలానికి ఎర గుచ్చేవాడు. దొర సీమకి వెళ్లిపోతూ రెండు రీళ్లనూ అతని చేతిలో పెట్టాడు. రేవులో అందరూ దారాన్ని కర్ర చివర కట్టుకుని ఒడ్డు పక్కనే వేస్తుంటే, శౌరయ్య రీలుకి చుట్టి నది నడుమకి విసిరేవాడు. పెద్ద వాలుగ తగిలి లాగినప్పుడు రీలు కిర్రుమంటూ దారం వదిలేది. బొటనవేలితో దాన్ని ఆపుతూ, వదులుతూ, చేప అలిసేదాకా ఆడించడమే అందులోని విద్య. ఆ విద్య, ఆ రీళ్లు మరియదాసుకి వచ్చాయి. లాకుల దగ్గర లస్కరుగా తలుపులు ఎత్తుతూ దించుతూ ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం గురించి అతను ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకున్నదంతా రీళ్ల గురించే. వలలు వేసేవాళ్లని చూస్తే అతనికి నవ్వు, బజార్లో చేప కొనుక్కునేవాళ్లని చూస్తే జాలి, కొడుకుని చూస్తే రెండూ.

బాలశౌరి గవర్నర్‌పేటలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. అతని దృష్టిలో తండ్రి ఒక గోచీ మనిషి. 'మా ఫాదర్ ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు' అని ఆఫీసులో చెప్పి, ఏ ఉద్యోగమని ఎవరైనా అడిగేలోగా మాట మార్చేవాడు. హెడ్‌క్లర్కు కుర్చీ త్వరలో ఖాళీ అవుతోంది. ఆఫీసరు రామకోటేశ్వరరావు ఊ అంటే అది తనదే.

"నాలుగింటికి నువ్వు ఇంట్లో లేకపోతే మంచిది" అన్నాడు బాలశౌరి, చర్చిలో పూజ నుంచి తిరిగొచ్చాక.

"నువ్వు చెప్పక్కర్లా. నడుం వంచి నుంచునే విద్య చూట్టానికి నాకు తీరికేదీ?" అని మరియదాసు ఒక రీలు కర్రకి బిగించుకుని నదికి వెళ్లిపోయాడు. రెండోది గుడ్డతో తుడిచి, మరియమాత పటం కింద బల్ల మీద పెట్టాడు.

రామకోటేశ్వరరావు స్కూటరు మీద వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి గదినంతా ఒక చూపు చూశాడు. పెంకులు చూశాడు, కుట్టుమిషను చూశాడు. అమలమ్మ తెచ్చిన కాఫీ గ్లాసుని వేలితో కాస్త పక్కకి జరిపాడు. తర్వాత అతని చూపు రీలు మీద పడింది.

"ఇదేవిటయ్యా, సైకిలు డైనమోనా?"

"మా తాతది సార్. చేపలు పట్టే రీలు. ఇంగ్లండు సరుకు."

"అయితే మీది చేపలవాళ్ల కుటుంబమా?"

"అబ్బే, సరదాకండీ" అన్నాడు బాలశౌరి. చెవులు ఎర్రబడ్డాయి.

ఆఫీసరు రీలు చేతిలోకి తీసుకుని గిర్రున తిప్పాడు. అది కిర్రుమంది. "పరవాలేదే, ఇంకా తిరుగుతోంది! మా ఆవిడ షోకేసు నిండా ఇత్తడి బొమ్మలే. వాటి పక్కన బాగుంటుంది."

"తీసుకోండి సార్! ఇక్కడ ఊరికే పడుంది."

బాలశౌరి దాన్ని పాత పేపర్లో చుట్టి రెండు చేతులతో అందించాడు. అమలమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆఫీసరు వెళ్లాక ముట్టని కాఫీని తీసుకెళ్లి పెరట్లో పారబోసింది.

పొద్దుగూకే వేళకి మరియదాసు వచ్చాడు. బల్ల చూశాడు.

"రెండోదేదీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఆఫీసరుగారికి. షోకేసులో పెట్టుకుంటారట."

మరియదాసు చేతిలోని కర్రని మెల్లగా గోడకి ఆనించాడు. "మా నాయన చేతిలో నలభై ఏళ్లు ఆడింది. నా చేతిలో నలభై ఏళ్లు ఆడింది. దాన్ని బొమ్మల పక్కన పెట్టించావా? నీ బతుకంతా ఇంతేరా. కుర్చీ కనబడితే చాలు, తోక ఊపుతావు. ఆ రీలుని చేత్తో పట్టుకునే యోగ్యత నీకుందా?"

"లేదు!" బాలశౌరి కేక పెట్టాడు. "ముప్పై ఆరేళ్లొచ్చినాయి నాకు. దాన్ని ఒక్కసారి పట్టుకోనిచ్చావా? ఇవాళే పట్టుకున్నాను, పేపర్లో చుట్టటానికి!"

మరియదాసు ఖాళీ బల్ల వైపు చూశాడు.

"పదకొండేళ్లప్పుడు లాకుల దగ్గర ఒకసారి విసరబోయాను. దారం చిక్కుపడింది. లస్కర్లందరి ముందూ చెంప పగలగొట్టి, పనికిమాలిన ఎదవ అన్నావు. వాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచీ నేను దగ్గరికొస్తే రీలు కండువా కింద దాచేవాడివి. నేను దొంగనా నాన్నా? ఎస్సెల్సీ ప్యాసైతే పెదవి విరిచావు, ఉద్యోగమొస్తే గుమాస్తా అని నవ్వావు. ఎదుటి మనిషిని పురుగులా చూడ్డం నేనేమన్నా ఆఫీసులో నేర్చుకున్నానా? నీ దగ్గరే నేర్చుకున్నాను."

"చాల్లెండి ఇద్దరూ" అంది అమలమ్మ. ఎనిమిదేళ్లలో మావగారి ముందు ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. "మావయ్యా, మీకు కన్నబిడ్డకన్నా ఇత్తడి ఎక్కువ. ఏవండీ, మీకు కన్నతండ్రికన్నా కుర్చీ ఎక్కువ. మన కాఫీ నోట పెట్టుకోని మనిషికి మన ఇంట్లో వస్తువు చేతులు జోడించి మరీ ఇచ్చారు. నాకు మీ ఇద్దర్నీ చూస్తే అసహ్యమేస్తంది."

ఆ పూట పొద్దున తెచ్చిన శీలావతి పులుసు ఎవరూ ముట్టుకోలేదు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు.

గురువారం సాయంత్రం ఏవో ఫైళ్లు పట్టుకుని బాలశౌరి ఆఫీసరు ఇంటికి వెళ్లాడు. హాల్లో నలుగురు బంధువులు కూర్చుని ఉన్నారు. షోకేసులో నాట్యగత్తె బొమ్మకీ ఏనుగుకీ మధ్య రీలు మెరుస్తోంది. చింతపండు పెట్టి తోమారు, దారం కోసి పారేశారు.

"అదేమిటి బావా?" అని ఒకాయన అడిగాడు.

"మా గుమాస్తా ఇచ్చాడులే. వీళ్ల తాత నదిలో చేపలు పట్టుకుని బతికేవాట్ట. పాపం, ఇలాంటివి ఇంట్లో ఊరికే పడేసుకుంటారు" అన్నాడు రామకోటేశ్వరరావు.

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ బాలశౌరి కూడా నవ్వాడు. 'ఊరికే పడుంది' అన్నది తన మాటే. తన మాట మరొకరి నోట వినేసరికి నవ్వు ఆపేశాడు. తెల్లవారుజామున తడిసిన పంచెతో, చేప పట్టుకుని గుమ్మంలోకి వచ్చే ముసలాయన కళ్ల ముందు మెదిలాడు. ఆ చేప తినే తను పెరిగాడు.

"సార్, అది నాది కాదండీ" అన్నాడు.

"ఏది?"

"రీలు. మా నాన్నది. ఆయన్ని అడక్కుండా ఇచ్చాను. తప్పు నాదే. తిరిగి ఇప్పించండి."

ఆఫీసరు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇచ్చింది మళ్లీ అడుక్కోవడమేనా మీ ఇళ్లల్లో నేర్పేది?"

"మా ఇంట్లో నేర్పింది వేరేనండీ. దాంతో చేపలు పట్టడం నేర్పారు. నేనే నేర్చుకోలా."

ఆఫీసరు భార్య సీతారావమ్మ లేచి, షోకేసు తెరిచి, రెండు వేళ్లతో రీలుని బల్ల మీద పెట్టింది. "పంపించెయ్యండి. ఎంత తోమినా వాసన పోవట్లేదు."

బాలశౌరి దాన్ని చంకలో పెట్టుకుని భవానీపురం దాకా నడిచే వచ్చాడు. అరుగు మీద కూర్చున్న తండ్రి ముందు పెట్టాడు. మరియదాసు రీలు తీసి గీతలు పడ్డాయేమోనని చూసుకుంటాడని అమలమ్మ అనుకుంది. అతను రీలు వైపు చూడనే లేదు. కొడుకు ముఖమే చూశాడు.

"ఏమన్నారురా?"

"ఏముంది... ఇక హెడ్‌క్లర్కు మాట మర్చిపోవడమే. ఏ కంకిపాడుకో పంపిస్తారు."

ముసలాయన రీలుని పక్కకి జరిపి, కొడుక్కి అరుగు మీద చోటిచ్చాడు. "ఆ రోజు లాకుల కాడ నిన్ను కొట్టింది దారానిక్కాదురా. అప్పుడే మా పైవాడు తలుపు ఆలస్యంగా ఎత్తానని అందరి ముందూ నానా మాటలూ అని పోయాడు. ఆ మంట నీ మీద తీర్చుకున్నా. తప్పని ఆ రాత్రే తెలుసు. చెప్పలేకపోయా. చెప్పలేక, నువ్వే చేతగానోడివని అనుకుంటా వచ్చా. అట్టా అనుకుంటే నాకు సులువు."

బాలశౌరి పక్కన కూర్చుని, ఏం చేయాలో తోచక, తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు. అంతకుముందు ఎప్పుడు అలా ముట్టుకున్నాడో అతనికి గుర్తు లేదు.

నెల తిరక్కుండానే కంకిపాడుకి బదిలీ అయింది. రోజూ బస్సులో వెళ్లి వస్తున్నాడు. ఆదివారాలు మాత్రం పూజకి ముందు తండ్రీ కొడుకులు నదికి వెళుతున్నారు. బాలశౌరి చేతిలో రీలు ఒక పట్టాన లొంగలేదు. దారం ఒడ్డునే పడేది. మరియదాసు పక్కన నిలబడి, అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటని మింగి, "బొటనేలు కాస్త ముందే ఆన్చరా" అనేవాడు.

ఆరో వారం చేప పడింది. జానెడు జెల్ల. ఒకప్పుడైతే మరియదాసు దాన్ని కాలితో నీళ్లలోకి నెట్టేసేవాడు. ఆ పొద్దున దాన్ని తనే జాగ్రత్తగా తాడుకి గుచ్చి, వీధంతా కనబడేలా చేతిలో వేలాడదీసుకుని ఇంటికి నడిచాడు.

అరుగు దగ్గర పక్కింటి సంపూర్ణమ్మ నీళ్లు చల్లుతోంది. "ఇంత చిన్నది తెచ్చావేంటి దాసన్నా? నీ చేతికి ఎప్పుడూ ఇట్టాంటివి తగల్లేదే!"

"నేను కాదమ్మా" అన్నాడు మరియదాసు, నిటారుగా నిలబడి. "మా అబ్బాయి పట్టాడు."

బాలశౌరి కర్ర గోడకి ఆనించి, ముఖం కడుక్కోవాలంటూ పెరట్లోకి వెళ్లాడు. అమలమ్మ తువ్వాలు తీసుకెళ్లింది. తొట్టి మీద వంగి, నీళ్లు ముంచకుండా, అతను పసివాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.