పాల బూత్ దగ్గర ఎనిమిదో రాయి

"ఓ మంకీ క్యాప్! జర ఆగు!"

చెన్నకేశవులు పూర్తిగా ఆగలేదు. దూరపు పరుగు మధ్యలో కాళ్లు ఆడించడం మానకూడదని అతనికి ఆజ్ఞ. అందుకని తార్నాక పాల బూత్ ముందు, డిసెంబరు మంచులో, ఉన్నచోటనే ఎగురుతూ నిలబడ్డాడు.

"నన్నేనా అండీ?"

"ఇంకెవల్ని? గీ చలిల రోడ్డు మీద గంతులేసెటోళ్లు నువ్వు గాక ఇంకెవలున్నరు? మా రాయి ఏది?"

అతను తల ఎత్తలేదు. ఎత్తకుండానే మనిషెవరో తెలిసిపోయింది. నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎడమ చెప్పుకు తెగిన పట్టీ దగ్గర పిన్నీసు. మూడు వారాలుగా పొద్దున్నే ఈ దారిన పరుగెత్తుతున్నాడు గానీ, ఆ చెప్పులు తప్ప ఆ అమ్మాయిని చూడనే లేదు. "ఉరికేటప్పుడు నేల చూస్తూ ఉరుకు నాయనా, రాయి తగులుతుంది" అని వాళ్లమ్మ చెన్నమ్మ చెప్పి పంపింది. మంకీ క్యాపూ, దాని మీద మఫ్లరూ కూడా ఆమె ఆజ్ఞలే. ఇరవై మూడేళ్లు వచ్చినా తల్లి మాట దాటని వాడు చెన్నకేశవులు.

అతనిది అనంతపురం జిల్లా. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. యూనివర్సిటీల పరుగు పందెం ఈసారి మద్రాసులో. టీములో ఇంక ఒక్క చోటే మిగిలింది. ఆ ఒక్కటీ దొరికితే వాళ్లింట్లో సముద్రం చూసిన మొదటి మనిషి కూడా తనే అవుతాడు.

ఫిజికల్ డైరెక్టర్ గట్టయ్య గారు నిన్న పిలిచి చెప్పారు. "రేపు ఆదివారం. చీకటి పడేలోపల ఇరవై మైళ్లు ఉరకాలె. నేను నీ వెనక రాను, ఎవల్నీ పంపను. సాయంత్రం నాలుగు గంటలకు వచ్చి ఇరవై అయినయి సార్ అను, సీటు నీది. నీ మాటే నాకు సర్టిఫికెట్."

అబద్ధాలాడే వాడికి ఇంతకన్నా సులువైన పరీక్ష ఉండదు. చెన్నకేశవులుకు ఇంతకన్నా కష్టమైనది ఉండదు.

పాల బూత్ నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి తిరిగివస్తే రెండు మైళ్లు. అట్లా పది చుట్లు తిరగాలి. మనసులో లెక్క పెట్టుకుంటే ఆ నీలం చెప్పులు కనబడగానే అంకె ఎగిరిపోతోంది. అందుకని చుట్టుకొక రాయి చొప్పున బూత్ పక్కన మురుగు పారే మోరీ గట్టు మీద పెడుతూ వచ్చాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. అది ఉత్త గట్టు కాదు, క్యూ. పాల లారీ వచ్చేదాకా చలిలో ఎవరు నిలబడతారని, తార్నాక జనం తమకు బదులు ఒక్కొక్క రాయి పెట్టి ఇళ్లకు పోతారు. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. ఈ సంగతి తార్నాకలో పసిపిల్లలకు కూడా తెలుసు. హాస్టల్లో నీళ్ల మజ్జిగ తాగేవాడికి ఎలా తెలుస్తుంది?

"మీ రాయి నాకెందుకండీ?" అన్నాడు చెన్నకేశవులు ఎగురుతూనే. "ఇవన్నీ నా రాళ్లు."

"నీయి ఎన్ని?"

"అది గుర్తుండకే గదండీ రాళ్లు పెట్టినాను!"

గట్టు మీద కుప్ప లెక్కపెట్టాడు. ఎనిమిది.

"గా కుప్పల ఒకటి మాది" అంది ఆ అమ్మాయి.

"ఏదండీ?"

"నువ్వే చెప్పు. యూనివర్సిటీల రాళ్ల చదువు చదువుతున్నవట గద, మా కాలేజీ పిల్లలు చెప్పిన్రు."

చెన్నకేశవులు వంగి చూశాడు. తార్నాక రాళ్లన్నీ ఒకటే గ్రానైటు. రెండు డిగ్రీల చదువూ అక్కడ అక్కరకు రాలేదు.

ఈలోగా పక్కింటి అరుగు మీద నుంచి ఒక ముసలామె కేకేసింది. "అండాలూ, ఇడిసిపెట్టవే పిల్లగాన్ని! ఇయ్యాల గూడ బస్సు పాయెనా బిడ్డా?"

ఆమె ఈరమ్మ, ఆ అమ్మాయి నాయనమ్మ. ఈ పిల్లవాడు మూడు వారాలుగా రోజూ బస్సు తప్పిపోయి దాని వెనక ఉరుకుతున్నాడని ఆమె నమ్మకం.

అంటే పేరు అండాలు! చెన్నకేశవులు ఆ పేరును మఫ్లరు లోపల ఒకసారి అనుకుని చూసుకున్నాడు.

అంతలో మంచులోంచి పాల లారీ హారన్ వినబడింది. ఇళ్లల్లోంచి జనం దుప్పట్లు కప్పుకుని ఉరికొచ్చారు. ఎవరి రాయి ఎక్కడుందో తెలియక అందరూ అతని కుప్ప మీద పడ్డారు.

"గిది మాది!"

"ఏయ్, పొద్దున నాలుగింటికే పెట్టిన. గిది మాది!"

"సరోజమ్మా, నీది ఇటుకముక్క. రాయి ఎట్లయితది?"

"రాత్రి ఇటుక, పొద్దున రాయి. నీకేం బాధ?"

రెండు నిమిషాల్లో గట్టు మీద చీమ కూడా మిగల్లేదు. చెన్నకేశవులు పొద్దుటి నుంచి పరిగెత్తిన మైళ్లన్నీ తార్నాక జనం తలో ఒకటి పట్టుకుపోయారు. రాయి పోయిన అండాలు క్యూలో చివరికి పడింది. ఆమె వంతు వచ్చేసరికి బూత్ కిటికీ మూసేశారు.

"పాలు ఒడిసినయి" అంది అండాలు ఖాళీ క్యాన్ ఊపుతూ. "చాయ తాగందే మా బాపు ఎవలతోని మాట్లాడడు. ఇయ్యాల ఆదివారం, పొద్దంత ఇంట్లనే ఉంటడు. గిదంత నీ మెహర్బానీ."

"నా లెక్క పోయిందండీ" అన్నాడు చెన్నకేశవులు. "ఆ ఎనిమిదిలో నావెన్నో తెలియకుండా ఇరవై అని ఎట్లా చెప్పేది? మళ్లీ మొదటి నుంచి ఉరకాల్సిందే."

"నీ లెక్క నాకెరుకే."

ఎగురుతున్న కాళ్లు మొదటిసారి ఆగాయి. "మీకెట్లా తెలుసు?"

"అరుగు మీద కూసోని చుట్టుకో చింతగింజ ఏసిన."

"మీరెందుకు వేసినారు?"

"పని లేక!"

ఆమె ముఖం ఎలా ఉందో అతనికి తెలియదు. నీలం చెప్పుల్లో వేళ్లు మాత్రం ముడుచుకున్నాయి.

"చెప్పండి మరి."

"ముందు పాలు. మల్కాజ్‌గిరి స్టేషన్ కాడ బూత్‌ల దొరుకుతయి. పోను రెండు మైళ్లు, రాను రెండు. నీకేంది, ఎట్లయినా ఉరుకుడే గద!"

నాలుగు మైళ్లు లెక్కలోకే వస్తాయి కదా అని చెన్నకేశవులు క్యాన్ అందుకున్నాడు.

మల్కాజ్‌గిరి బూత్ ముందు ముప్పై మంది ఉన్నారు. ఆవిర్లు కక్కుతూ, క్యాన్ పట్టుకుని, మంకీ క్యాపుతో ఉరికొస్తున్న వాణ్ణి చూసి ముందున్న పెద్దాయన చేతులు చాచి దారి చేశాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! పాపం, ఇంట్ల పాల పిల్ల ఉన్నట్టున్నది."

"పాల పిల్ల కాదండీ" అన్నాడు చెన్నకేశవులు నిజాయితీగా. "వాళ్ల నాయన."

ఆ జవాబు ఎవరికీ అర్థం కాలేదు గానీ, ఎవరూ అడ్డు కూడా రాలేదు.

తిరిగొచ్చాక అండాలు క్యాన్ మూత తీసింది. ఈరమ్మ తొంగి చూసింది. రెండు మైళ్ల కుదుపులకు పైన వెన్న తేలుతోంది.

"ఓయమ్మో! పాలు తెమ్మంటె చిలికి తెచ్చిండే!"

అండాలు తండ్రి ఉప్పలయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వెన్న తేలే చాయ ఒక గుక్క తాగాడు. రెండో గుక్క తాగాడు. మూడో గుక్కకు నోరు విప్పాడు.

"ఎవలే గీ పిలగాడు? టోపీ తియ్యడేంది?"

"మా అమ్మ తీయొద్దని చెప్పిందండీ."

"కూసో అయితే."

చెన్నకేశవులు అరుగు మీద కూర్చుని కాన్వాస్ బూట్లు విప్పాడు. మడమల మీద రూపాయి బిళ్లంత బొబ్బలు. నీలం చెప్పులు ఒక అడుగు వెనక్కి వేశాయి.

"ఎన్ని చుట్లండీ?" అని అడిగాడు.

అండాలు క్యాన్ మూత తీసి మళ్లీ పెట్టింది. "ఎనిమిది" అంది చివరికి.

"ఎనిమిదా? అంటే అన్నీ నా రాళ్లే, పదహారు మైళ్లు! మల్కాజ్‌గిరి నాలుగు. ఇరవై!" అతను చాయ ఒలకబోసుకున్నాడు. "మీరు చేసిన మేలు మరవనండీ. నాలుగింటికి గ్రౌండు దగ్గర చెప్పాలి, మా సార్ నా మాటే సర్టిఫికెట్ అన్నారు. నేను ఇరవై అంటే ఇరవయ్యే. మా ఊర్లో సముద్రం చూసినోళ్లు ఎవరూ లేరు తెలుసా?"

అండాలు చెప్పుల్లో వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. సిగ్గేమో అనుకుని చెన్నకేశవులు ఎగురుకుంటూ హాస్టలుకు పోయాడు.

సాయంత్రం నాలుగు. గట్టయ్య గారు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని గ్రౌండు పక్క గదిలో కూర్చున్నారు.

"చెప్పు చెన్నకేశవులూ, ఎన్ని?"

అతను ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు. అప్పుడే కిటికీ అవతల సైకిల్ బెల్లు గణగణా మోగింది.

"ఆగు! ఆగు! చెప్పకు!"

ఉప్పలయ్య సైకిలు, వెనక క్యారియర్ మీద అండాలు. ఆమె దూకి లోపలికొచ్చింది.

"ఎనిమిది కాదు సార్, ఏడే. కాళ్లకు బొబ్బలు చూసి పానం ఆగక ఒకటి ఎక్కువ చెప్పిన. నా మాట నమ్మి గీయన మీ ముందర అబద్ధమాడితే, గా పాపం నాకే గద. పగటికి బువ్వ గూడ తినలే."

"నేను ఇంచిల నూరో వంతు తప్పు పోతెనే ఒప్పుకోను సార్" అన్నాడు ఉప్పలయ్య గుమ్మంలోంచి. "నా బిడ్డ రెండు మైళ్లు తప్పు చెప్పింది. అందుకే పట్టుకొచ్చిన."

చెన్నకేశవులు వేళ్ల మీద కూడాడు. పద్నాలుగు, నాలుగు. పద్దెనిమిది. సముద్రం రెండు మైళ్లు వెనక్కి పోయింది.

చెన్నకేశవులు నేల చూస్తూ అన్నాడు. "సార్, ఇరవై కాలేదు. ఇంకా ఒక చుట్టు ఉంది. చీకటి పడేలోపల వచ్చేస్తాను."

"బొబ్బలున్నయంటున్నది కదయ్యా."

"అవి కాళ్లకే సార్."

అని మఫ్లరు బిగించుకుని ఉరికాడు.

ఆర్ట్స్ కాలేజీ దాటేసరికి పక్కన సైకిలు చప్పుడైంది. ఉప్పలయ్య తొక్కుతున్నాడు, క్యారియర్ మీద నీలం చెప్పులు వేలాడుతున్నాయి.

"ఇంకో మాట ఉన్నది" అంది అండాలు.

"చెప్పండి."

"మా రాయి నీ కుప్పల నువ్వు కలపలే. నేనే పెట్టిన."

"ఎందుకండీ?"

"మూడు వారాల సంది సూస్తున్న. రైలింజన్ లెక్క వస్తవు, పోతవు. ఒక్కపారి గూడ తల ఎత్తవు. లెక్క తప్పితెనన్న ఆగుతవేమో అనుకున్న. పాలు పోతయనుకోలే."

ఉప్పలయ్య ఖాళీ రోడ్డు మీద గట్టిగా బెల్లు కొట్టాడు.

చెన్నకేశవులు నిజం చెప్పే అలవాటు కొద్దీ, చెప్పేశాడు. "ఉరకడానికి యూనివర్సిటీలో గ్రౌండు ఉందండీ. తార్నాక దాకా రావలసిన పని లేదు."

"మరెందుకొస్తున్నవు?"

"మీ చెప్పుల కోసం."

మళ్లీ బెల్లు. ఈసారి రెండుసార్లు.

"చెప్పులేనా?" అంది అండాలు. "పైన మనిషిని గూడ ఉన్న."

చెన్నకేశవులు జీవితంలో మొదటిసారి తల్లి మాట దాటి, ఉరుకుతూ తల ఎత్తాడు. చలికి ఎర్రబడ్డ ముక్కు, నవ్వు ఆపుకుంటున్న పెదాలు, తనవైపే చూస్తున్న రెండు కళ్లు. మూడు వారాలు నేల చూసి ఎంత నష్టపోయాడో అప్పుడు తెలిసింది. ఆ మరుక్షణమే కాలికి రాయి తగిలి బోర్లా పడ్డాడు. తల్లి మాటా అబద్ధం కాలేదు.

"దెబ్బ తాకిందా?"

"లేదండీ. గ్రానైటే."

వాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. గట్టయ్య గారు గ్రౌండు గేటు దగ్గర చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు.

"రెండు మైళ్లకు గింత సేపా? అయినయా ఇరవై?"

"ఇరవై రెండు సార్."

"ఇరవై రెండేందయ్యా? గా రెండు ఎక్కువ ఎందుకు?"

చెన్నకేశవులు అండాలు వైపు చూశాడు. అలవాటు తప్పి, ముఖం వైపే. "ఇరవైకి మాట పూర్తి కాలేదు సార్."

గట్టయ్య గారు పెన్ను తీసి కాగితం మీద పేరు రాసుకున్నారు. ఉప్పలయ్య సైకిలు మీదికి ఒరిగి రొప్పుతున్నాడు.

"గీ పిలగాడు ఊపిరి మీద ఉరుకుతడో దేని మీద ఉరుకుతడో గాని సార్, తొక్కలేక నా పిక్కలు పోయినయి." తర్వాత చెన్నకేశవులు వైపు వేలు చూపించాడు. "ఏయ్ మంకీ టోపీ! రాళ్ల కిరికిరి తెచ్చినవు కాబట్టి, రేపటి సంది మా ఇంటి రాయి నువ్వే పెట్టాలె. మద్రాసుకెళ్లి వచ్చినంక గూడ. సమజైందా?"

"ఎన్ని రోజులండీ?"

"గది నా బిడ్డనడుగు."

అండాలు లెక్క చెప్పలేదు. చింతగింజలు చాలవని మాత్రం అంది.

మర్నాడు తెల్లవారుజామున మోరీ గట్టు మీద చెన్నకేశవులు ఒక రాయి పెట్టాడు. వెంటనే పోకుండా, దాని పక్కన గట్టు మీదనే కూర్చున్నాడు. పిన్నీసు పెట్టిన చెప్పులు మంచులోంచి నెమ్మదిగా నడిచొచ్చి రాయికి అటుపక్క ఆగాయి.

అరుగు మీద నుంచి ఈరమ్మ దుప్పటి తొలగించి చూసింది. ఆమెకు చాలా తృప్తిగా అనిపించింది.

"హమ్మయ్య" అంది. "ఇయ్యాల దొరికింది పిల్లగానికి బస్సు."